తెల్లగీతకు ఇవతల

మా మరిది ఊరి ట్రాఫిక్‌ను బాగుచేశాడు. ఇది నా మాట కాదు, పేపర్ల మాట. ఊరు వదిలి బయటికి పోయే పెద్ద రహదారి మీద సాయంత్రమైతే బండ్లు చీమల్లా పాకేవనీ, ఇప్పుడు బాణాల్లా దూసుకుపోతున్నాయనీ రాసి, పక్కన పసుపు హెల్మెట్ పెట్టుకున్న మా మరిది ఫొటో వేశారు. మా అత్తగారు ఆ ఫొటో కత్తిరించి ఫ్రిజ్ తలుపుకు అంటించారు. నీళ్ళ సీసా కోసం వెళ్ళినప్పుడల్లా ఆ నవ్వుమొహం చూసి కోపం తెచ్చుకుని వచ్చేదాన్ని.

ఎలా బాగుచేశాడో చెబుతాను. రహదారి మీదికి బండ్లు ఎక్కే ప్రతి ర్యాంపు మొదట్లో ఒక సిగ్నల్ పెట్టాడు. పచ్చ వెలిగితే ఒక్క బండి వెళ్ళాలి. వెంటనే ఎరుపు. మళ్ళీ పచ్చ, మళ్ళీ ఒక్క బండి. అన్నీ ఒక్కసారిగా మీద పడకుండా ఇలా చుక్కచుక్కగా వదిలితే రహదారి బిగుసుకుపోదట. నిజమే, బిగుసుకుపోవడం లేదు. మరి మిగతా బండ్లు ఎక్కడ నిలబడాలి? మా వీధిలో. ర్యాంపుకు ముందున్న ఆఖరి వీధి మాది. తన ఇల్లు ఊడ్చి చెత్త పక్కవాడి గుమ్మంలో పోసి, మా ఇల్లెంత శుభ్రంగా ఉందో చూడండి అన్నట్టుంది వ్యవహారం.

నేను కారు నడపడం నేర్పుతాను. ఇంటి ముందే బోర్డు, గేటు లోపల కారు. ఆ సిగ్నల్ వచ్చాక నా శిష్యులకు రెండో గేరు అనేది ఒకటుందని కూడా తెలియదు. గేటు దాటి ముక్కు బయట పెడితే చాలు, క్యూ. క్లచ్, బ్రేకు, క్లచ్, బ్రేకు. ఒకావిడ ఉండబట్టలేక అడిగేసింది, "మేడమ్, మిగతా గేర్లన్నీ పై క్లాసులోనా?" అని.

ఇదంతా నవ్వుకుని సరిపెట్టుకునేదాన్నే, మా అత్తగారికి కిడ్నీలు పాడవకుండా ఉంటే.

ఆవిడకు రోజు విడిచి రోజు డయాలసిస్. ఆసుపత్రి రహదారికి అవతల పక్క, మొదటి ఎగ్జిట్ దగ్గర. మా డాబా ఎక్కితే దాని బోర్డు కనిపిస్తుంది. కానీ రహదారి ఎక్కి దిగితే తప్ప అక్కడికి దారి లేదు. కాలినడక వంతెన ఉంది గానీ, ఆ మెట్లెక్కే ఓపికే ఉంటే ఆవిడకు డయాలసిస్ దేనికి? పొద్దుటి షిఫ్టులో ఖాళీ లేక మధ్యాహ్నం షిఫ్టు ఇచ్చారు. నాలుగు గంటలు మిషను మీద ఉండాలి. ఆలస్యంగా వెళితే ఆ ఆలస్యం మన నాలుగు గంటల్లోంచే పోతుంది, ఎందుకంటే అదే మంచం కోసం తర్వాతి షిఫ్టు మనిషి బయట కూర్చుని ఉంటాడు. గంట తగ్గితే ఆ గంటలో తీయాల్సిన నీరు ఒంట్లోనే ఉండిపోతుంది.

అలా ఎన్నిసార్లు ఉండిపోయిందో. ఆవిడ పాదాలు చెప్పుల్లో పట్టడం మానేశాయి. పడుకుంటే ఊపిరాడక గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోయేవారు. ముందే బయల్దేరొచ్చుగా అన్నారు మా ఆయన. ముందే బయల్దేరాం. ఊరంతా ముందే బయల్దేరింది. డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచి నీళ్ళు నమలకుండా చెప్పేసింది. "ఇలా గంటలు కోసుకుంటూ పోతే ఒకరోజు నీరు ఊపిరితిత్తుల్లోకి ఎక్కుతుంది. అప్పుడు ఆవిణ్ణి నేను కూడా కాపాడలేను."

వేరే ఇంట్లో ఉండే చిన్నకొడుకుకు మాత్రం చెప్పనివ్వలేదు అత్తగారు. "కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది అమ్మాయ్. వాడికి ఇప్పుడిప్పుడే పేరొస్తోంది. వాడి దీపం వల్లే నా ప్రాణం మీదికొచ్చిందని నీ నోటితో అనకు." కాకి పిల్ల కాకికి ముద్దు. నాకు ముద్దు కాదు కదా.

ఆ మంచం మీద ఆవిడ తర్వాతి మనిషి బాకా మేష్టారు. మా వీధి వెనక చివర ఉంటాడు, స్కూలు పిల్లలకు ట్రంపెట్ నేర్పి రిటైరయ్యాడు. అత్తగారు బయటికి వచ్చేసరికి తలుపు దగ్గర కుర్చీలో ఉండేవాడు. "మంచం వెచ్చగా ఉంచాను, వెళ్ళండి అన్నయ్యగారూ" అనేవారు ఈవిడ. "మీరు మిగిల్చిన దుప్పటి ఏనాడైనా సరిగ్గా మడిచారా చెల్లెమ్మా" అనేవాడు ఆయన. మిషను మీద నాలుగు గంటలు పడుకున్న మనిషి, పడుకోబోయే మనిషి, ఇద్దరూ అలా నవ్వుకునేవాళ్ళు.

ఒకరోజు క్యూలోనే అత్తగారి పెదాలు నీలంగా మారాయి. ఆ రోజు ఎలాగో గట్టెక్కాం. మర్నాడు నేను ఎవరికీ చెప్పకుండా మరిది ఆఫీసుకు వెళ్ళాను.

చల్లటి గది, గోడంతా తెరలు. మధ్యలో పెద్ద మ్యాపు, దాని మీద రహదారి ఆకుపచ్చ పాములా మెరిసిపోతోంది. మరిది ఎదురొచ్చి, "వదినా, మీరేంటి ఇలా వచ్చారు! చూశారా, చుక్క ఎరుపు లేదు" అని గోడ చూపించాడు. కాఫీ తెప్పించబోతే వద్దన్నాను.

"మా వీధి ఎక్కడయ్యా ఇందులో?"

"మీ వీధి ఇందులో ఉండదు వదినా. ర్యాంపు మీద తెల్లగీత ఉంటుంది చూడండి, సిగ్నల్ కింద. మా లెక్క అక్కడ మొదలవుతుంది. గీత దాటిన బండి మాది. దాటని బండి కార్పొరేషన్‌ది."

"దాటని బండిలో మీ అమ్మ ఉంది."

ఆ మాటకు పక్క టేబుళ్ళ వాళ్ళు కూడా తలెత్తారు. నేను గొంతు తగ్గించలేదు. పాదాల సంగతి, గోడకు ఆనుకుని నిద్రపోయే సంగతి, డాక్టరమ్మ అన్న మాట, అన్నీ చెప్పాను. మా మరిది చెడ్డవాడు కాదు. మొహం పాలిపోయింది, కుర్చీలో కూలబడ్డాడు. "దీనికి ఉపాయం ఉంది వదినా, నేనే పెట్టాను" అన్నాడు. సిగ్నల్‌కు వెనక, మా వీధి ర్యాంపును కలిసే చోట రోడ్డులో ఒక సెన్సర్ పాతారట. క్యూ అక్కడిదాకా పాకితే సిగ్నల్ దానంతటదే పచ్చగా ఉండిపోయి, నిలబడ్డవాళ్ళందర్నీ వదిలేస్తుందట.

"మరి వదలదేం?"

"ఆపి ఉంచాం."

"ఎవరు ఆపారు?"

"నేనే" అన్నాడు బల్ల వైపు చూస్తూ. "అది పనిచేసినప్పుడల్లా రహదారి కాసేపు నెమ్మదిస్తుంది. గోడ మీది ఈ గీత పసుపుపచ్చగా అవుతుంది. త్వరలో పైవాళ్ళ సమీక్ష ఉంది. అదయ్యేదాకా ఆకుపచ్చగానే కనబడాలన్నారు."

పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతూ తననెవరూ చూడట్లేదు అనుకుంటుందట. ఇక్కడ గదినిండా పిల్లులు, అన్నిటికీ జీతాలు. జనం నిలబడి చచ్చే చోటును లెక్కలోంచి తీసేసి, జనం నిలబడటం మానేశారని పేపర్లకు చెప్పారు. వీళ్ళు రోడ్డును బాగుచెయ్యలేదు, గోడ మీది గీతను బాగుచేశారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"సమీక్ష అయ్యేదాకా మీ అమ్మ ఒంట్లో నీరు ఆగుతుందా నాయనా? దానికి కూడా ఎర్రదీపం పెట్టావా?"

"అంత మాటనకండి. అమ్మ వెళ్ళే రోజు క్యూలోకి రాగానే నాకు ఫోన్ చెయ్యండి. మీరు దాటేదాకా ఇక్కణ్ణించి పచ్చ వేయిస్తాను. ఎవరికీ తెలియక్కర్లేదు."

నేను ఛీ కొట్టి లేచి రావాల్సింది అని మీరు అనుకుంటారు. మీ ఇంట్లో ఆ పాదాలు లేవు గనక అనుకుంటారు. "సరే" అన్నాను.

ఆ తర్వాత మాకు రాజమార్గమే. నేను ఫోన్ చేసిన కాసేపటికి దీపం పచ్చగా నిలబడిపోయేది, ముందున్న వరసంతా బిలబిలమంటూ కదిలేది, వాళ్ళ వెనకే మేమూ. మేం దాటగానే మళ్ళీ ఎరుపు. అత్తగారికి నాలుగు గంటలూ పూర్తిగా దక్కాయి. వాపు దిగింది, చెప్పులు పట్టాయి, మంచం మీద నడుం వాల్చి నిద్రపోయారు. ఓపిక రాగానే నా డ్రైవింగుకు వంకలు పెట్టడం మొదలైంది. నా కారులో పక్కసీటు కాళ్ళ దగ్గర కూడా బ్రేకు ఉంటుంది, నేర్చుకునేవాళ్ళు గోడ గుద్దబోతే నేను తొక్కడానికి. అత్తగారు ఆ సీట్లో కూర్చుని, కుక్కపిల్ల అడ్డొచ్చినా కాకి ఎగిరినా దాన్ని తొక్కేసేవారు. "పాఠాలు చెప్పేదానివి, ముందు నువ్వు నేర్చుకో" అని పైగా సలహా. పచ్చదీపం మాత్రం తన అదృష్టమే అనుకున్నారు. "నేను రాగానే ఎలా వెలుగుతోందో చూశావా? నా కొడుకు దీపానికి నేనంటే భక్తి."

బాకా మేష్టారికి మాత్రం ఆ భక్తి లేదు. ఆయన బయల్దేరేది సరిగ్గా ఊరంతా ఇళ్ళకు పోయే వేళ. రాను రాను క్యూ ఆయన ఇల్లు దాటి ఇంకా వెనక్కి పోయేది. ఆయన షిఫ్టుతో ఆ విభాగం మూసేస్తారు, కాబట్టి ఎంత ఆలస్యంగా వచ్చినా మూసేవేళకు సూదులు తీసేస్తారు. తలుపు దగ్గర కుర్చీలో ఆయన కనబడటం మానేశాడు. మేం లిఫ్టు దిగేసరికి చక్రాల కుర్చీలో అప్పుడే వస్తూ ఉండేవాడు, మొహం ఉబ్బి, మాటకూ మాటకూ మధ్య ఊపిరి వెతుక్కుంటూ. "మీకేం మంత్రం తెలుసు చెల్లెమ్మా" అన్నాడొకసారి. "మాక్కూడా... కాస్త చెప్పండి."

అత్తగారు నవ్వారు. నేను తల తిప్పుకున్నాను.

ఆ రాత్రే మరిదికి ఫోన్ చేసి అడిగాను, మా తర్వాత వచ్చే పెద్దాయన ఒకాయన ఉన్నాడు, ఆయన వేళకు కూడా పచ్చ వేయించమని. మరిది నిట్టూర్చాడు. "ఒక్కరికైతే ఎలాగోలా సర్దుతాను వదినా. అందరికీ అంటే ఇక సెన్సర్ వెయ్యడమే అవుతుంది కదా."

ఆ వాక్యం ఎంత సిగ్గుమాలినదో వాడికి వినబడలేదు. వినబడిన నేనేం చేశాను? వీధిలో ఒక్కరికీ చెప్పలేదు. చెబితే మా పచ్చ కూడా పోతుందేమోనని.

అత్తగారికి డయాలసిస్ లేని ఒక సాయంత్రం, వంటింట్లో ఉండగా సైరన్ వినబడింది. అంబులెన్స్ శబ్దం దూరం నుంచి వచ్చి దగ్గరై మళ్ళీ దూరమవ్వాలి. ఇది వచ్చి ఒకేచోట ఉండిపోయింది. కిటికీ తీసి చూస్తే మా గేటుకు కాస్త అవతల, అటు కార్లు ఇటు కార్ల మధ్య దాని దీపం ఎర్రగా తిరుగుతోంది. జనం దిగి బండ్లు పక్కకు లాగాలని చూస్తున్నారు. పక్కెక్కడుంది, అటు గోడలు ఇటు గోడలు. అత్తగారు చెవులు మూసుకుని, "ఎవరి కన్నబిడ్డో" అన్నారు.

మర్నాడు డయాలసిస్‌కు వెళ్ళాం, ఎప్పట్లాగే పచ్చలో. నర్సమ్మ ట్యూబులు బిగిస్తూ, "ఇవాళ తొందర లేదమ్మా. కావాలంటే ఇంకో అరగంట ఎక్కువ ఉంచుతాను. మీ తర్వాత ఎవరూ లేరు" అంది.

"అన్నయ్యగారు ఊరెళ్ళారా?" అన్నారు అత్తగారు.

నర్సమ్మ చేతులు ఆగాయి. "మీకు తెలీదా? నిన్న పోయారమ్మా. ఊపిరితిత్తుల్లో నీరు. దార్లోనే... అంబులెన్స్ మీ వీధి దాటలేకపోయిందంట."

ఊపిరితో బతికిన మనిషి. ఊదడం పిల్లలకు నేర్పినవాడు. అత్తగారు నా వైపు తల తిప్పారు. నేను వాచీ చూస్తున్నట్టు నటించాను. మా అత్తగారికి చదువు తక్కువ గానీ బుర్ర తక్కువ కాదు.

"అమ్మాయ్. సైరన్ వేసుకున్న బండికే దారి దొరకలేదు. మరి మనకి రోజూ ఎలా దొరుకుతోంది?"

చెప్పేశాను. సెన్సర్ సంగతి, ఫోన్ల సంగతి, ఒక్కరికైతే సర్దుతానన్న మాట. ఆవిడ అరవలేదు, ఏడవలేదు. అరిచినా బాగుండేది.

"నువ్వూ వాడూ కలిసి నన్ను దొంగను చేశారు. ఆయన నన్ను మంత్రం అడిగితే నేను పళ్ళికిలించాను" అని కళ్ళు మూసుకున్నారు. నర్సమ్మ మళ్ళీ వచ్చి ఆ అరగంట సంగతి అడిగితే, "నాకొద్దు. నా వేళకి నన్ను విప్పేయండి" అన్నారు.

తర్వాతి వంతు రోజున క్యూలోకి రాగానే అలవాటుగా ఫోను తీశాను. ఆవిడ నా చేతిలోంచి లాక్కుని ఒళ్ళో పెట్టుకున్నారు.

"అత్తయ్యా, మంకుపట్టు పట్టకండి. మీరు చస్తే ఆయన తిరిగొస్తాడా?"

"రాడు. నేను బతికితే వస్తాడా?"

నాకు ఎవరి మీద కోపమో కూడా తెలియని కోపం వచ్చింది. ఆవిడ మీద, మరిది మీద, ముందున్న కారు మీద, నా మీద. స్టీరింగును అరచేత్తో కొట్టాను. వరస ఒక్కో బండి చొప్పున కదిలింది. ఎండలో కారు వేడెక్కింది. ఆవిడ పమిటతో మెడ తుడుచుకుంటూ కూర్చున్నారు, ఆయాసం మెల్లగా మొదలైంది. మా ముందు ఇంకా ఐదారు బండ్లున్నాయనగా ఫోను మోగింది. మరిది. ఆవిడ స్పీకరు నొక్కారు.

"వదినా, ఎక్కడున్నారు? ఈపాటికి ఫోన్ రావాలి కదా!"

"నేనురా చిన్నోడా. గీతకి ఇవతల ఉన్నాను."

"అమ్మా! ఒక్క క్షణం, పచ్చ వేయిస్తున్నాను."

"ఎంతసేపు ఉంటుంది?"

"నువ్వు దాటేదాకా ఉంటుంది, కంగారుపడకు."

దీపం పచ్చగా నిలబడింది. ముందున్న బండ్లు బిలబిలా పోయాయి. నేను కదిలాను. సరిగ్గా తెల్లగీత దగ్గర కారు దడాలున ఆగిపోయింది. చూస్తే అత్తగారి కాలు తన వైపు బ్రేకు మీద ఉంది. చెప్పు విప్పేసి, ఉత్త పాదంతో, ఉన్న బలమంతా పెట్టి తొక్కి పట్టుకున్నారు.

"ఆ సెన్సరేదో వేసేదాకా నీ తల్లి ఈ గీత దాటదు. ఎంతసేపు పచ్చ వేసుకుంటావో వేసుకో."

వెనక హారన్లు ఒక్కసారిగా లేచాయి. ఫోన్లో మరిది బతిమాలుతున్నాడు. "అమ్మా, అలా చెయ్యకు. నీ టైము పోతోంది. నీకేమన్నా అయితే?"

"అవుతుంది. మేష్టారికి అయింది. మా వీధిలో, నా గుమ్మం ముందు. నీ గోడ మీద కనబడిందట్రా?"

వెనక ట్రక్కు డ్రైవరు దిగొచ్చి నా అద్దం మీద కొట్టాడు. "డ్రైవింగ్ స్కూలని రాసుకున్నావు, పచ్చ కనబడటం లేదా తల్లీ?" అన్నాడు. అన్నాళ్ళూ మింగిందంతా నా నోట్లోంచి బయటికొచ్చింది. కారు దిగి, ఆ వీధి మొత్తానికి వినబడేలా అరిచాను. "కనబడుతోంది! అది ఎప్పుడూ ఇలాగే ఉండొచ్చు! మనం నిండిపోతే మనల్ని వదలడానికి కింద సెన్సర్ ఉంది. కావాలని ఆపి పెట్టారు. వాళ్ళ గోడ పచ్చగా ఉండాలని మనల్ని ఇక్కడ ఎండబెట్టారు. మొన్న ఇక్కడే ఒక మనిషి ఊపిరాడక పోయాడు!" ట్రక్కు డ్రైవరు నన్ను చూశాడు, కారులో రొప్పుతున్న ముసలావిణ్ణి చూశాడు. వెనక్కి నడిచి వెళ్ళి తన ఇంజను ఆపేశాడు. ఆ వెనక ఇంకొకడు ఆపాడు. హారన్లు ఒక్కొక్కటే తగ్గాయి.

నేను మళ్ళీ కారెక్కేసరికి ఫోన్లో ఎవరో ఎవర్నో అడుగుతున్న గొణుగుడు వినబడింది. తర్వాత మరిది గొంతు, చిన్నపిల్లాడి గొంతులా ఉంది. "వేశానమ్మా. ఇక తియ్యను. వెళ్ళమ్మా."

"నీ మాట మీద వెళ్ళను." ఆవిడ నా వైపు తిరిగారు. "గీత దాటి పక్కకి ఆపు. మన వెనకాల ఉన్నవాళ్ళు వెళ్తారో లేదో చూడాలి."

ఆపాను. మేం దాటాక కూడా దీపం పచ్చగానే ఉంది. ట్రక్కు పోయింది. దాని వెనక వ్యాను, స్కూలు బస్సు, స్కూటర్లు, ఒకదాని వెనక ఒకటి. అత్తగారు తలుపుకు జారబడి, నోరు తెరిచి గాలి పీలుస్తూ, ప్రతి బండినీ చూశారు. వెళ్దామంటే చెయ్యెత్తి ఆగమన్నారు. మా వీధి మొదలు నుంచి చివరిదాకా ఖాళీగా కనబడేంతవరకు ఆగమన్నారు. రహదారి మీద బండ్లు నెమ్మదించి బారులు తీరడం మాకూ కనబడుతోంది.

"అమ్మా, ఇక్కడ గోడ మీద గీత ఎర్రబడుతోంది" అన్నాడు మరిది ఫోన్లో. "పైనుంచి ఫోన్లు వస్తున్నాయి."

"ఎత్తి మాట్లాడు. మా అమ్మ దారిలో ఉందని చెప్పు."

ఆ రోజు బాగా ఆలస్యంగా చేరాం. నర్సమ్మ తిట్టుకుంటూనే ఆక్సిజన్ పెట్టి మిషనుకు తగిలించింది. ప్రాణానికి ఫరవాలేదంది. నేను బయట కుర్చీలో కూర్చున్నాను. మరిది మంచిపని చేశాడని మా ఆయన ఫోన్ చేసి మురిసిపోయారు, తల్లి కన్నీళ్ళు వాణ్ణి మార్చాయట. తల్లి ఒక్క కన్నీటిబొట్టు కూడా రాల్చలేదని చెప్పి పెట్టేశాను. నా కోపం తగ్గలేదు, తగ్గాలని కూడా లేదు. ఇదే దీపం, ఇదే సెన్సరు, ఇదే మీట. అంబులెన్స్ మా గేటు దగ్గర ఆగి మోగిన సాయంత్రం కూడా అన్నీ ఉన్నాయి, నొక్కే చెయ్యితో సహా. ఆ బండిలో ఉన్నది వాడి అమ్మ కాదు, అంతే.